పాత రంపమునకు మరల పదును

(సంఘ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



సభ పెట్టినప్పుడెల్ల కరపత్రములు పంచుట మనకు వాడుక. కాని అమరకోశము తెరచి చూచినచో కరపత్రమనగా రంపము. క్రకచమనునది దానికి మరియొక పేరు. ఆ క్రకచమే కన్నడమున గరగసమైనది. మనము రంపమందుము, మన పొరుగున నున్న అరవ సోదరులును రంపమనియే యందురు. ఇన్ని భాషలు కలసి బ్రదుకు ఈ కోలారు సీమలో ఒక్క పనిముట్టునకు ఇన్ని పేర్లు కలవు. ఆ పనిముట్టు మాత్రము మన యిండ్లలో అటకల మీదను, మంచముల క్రిందను తుప్పు పట్టి పడియున్నది. నేడు నేను మాటాడబోవునది దానిని గూర్చియే.

ఇది మరీ చిన్న విషయమని కొందరికి తోచవచ్చును. పిల్లల చదువు, ఉద్యోగము, మాతృభాష మొదలైన పెద్ద సమస్యలుండగా రంపమేల యని యడుగవచ్చును. చిన్న విషయమే, కాదనను. కాని దీనికి గడువు కలదు. పెద్ద సమస్యలు వచ్చు సంవత్సరమునకును మనతోనే యుండును. అటక మీది రంపము వచ్చు సంవత్సరమునకు ఉండునని చెప్పలేము.

1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ వారు ఇచ్చట అడుగు పెట్టిన తరువాత ఈ బీడుభూమి పట్టణమైనది. 1894లో బౌరింగుపేట నుండి, అనగా నేటి బంగారుపేట నుండి, రైలుశాఖ వచ్చినది. 1902లో శివనసముద్రము నుండి దాదాపు 90 మైళ్ళ దూరము తీగలమీద విద్యుచ్ఛక్తి వచ్చినది. చాంపియన్ రీఫు గని 10,000 అడుగులకు మించిన లోతునకు దిగినది. ఈ సంగతులు మన పిల్లలు గడగడ చెప్పగలరు. కాని ఆ గొప్ప యంత్రముల ప్రక్కనే కొయ్యపని కూడ నడచినదని మనము మరచుచున్నాము. గని లోపల రాయి కూలకుండ దుంగలు కోసి నిలిపినవారు కలరు. తలుపులు, బల్లలు, పెట్టెలు చేసిన వడ్రంగులు కలరు. షిఫ్టు ముగించుకొని వచ్చి, లైనులోని చిన్న యింటి ముందు కూర్చుండి మంచపు కోడును, వంటింటి పీటను, కోళ్ళగూటిని తామే చేసికొన్న గృహస్థులు కలరు. వీరందరి చేతిలోను ఉన్నది చేతిరంపమే. చిత్తూరు వైపునుండి గనులకు వచ్చిన మన పెద్దలకును, అంతకు ఎన్నో తరములకు ముందే ముళబాగిలు, శ్రీనివాసపురము, బంగారుపేట ప్రాంతముల పల్లెలలో స్థిరపడిన తెలుగు కుటుంబములకును ఇది సమానమైన ఆస్తి.

తరువాతి కథ మనకందరకు తెలిసినదే. 1956లో గనులు మైసూరు ప్రభుత్వపరమైనవి. 1962లో కేంద్ర ప్రభుత్వము వాటిని తీసికొన్నది. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ లిమిటెడ్ ఏర్పడినది. 2001 ఫిబ్రవరి 28వ తేదీన పని నిలిచిపోయినది. నాటినుండి మన యువకులు వేలకొలదిగా తెల్లవారుజామున రైలెక్కి బెంగుళూరు పోయి, చీకటి పడిన తరువాత ఇల్లు చేరుచున్నారు. కొందరు అక్కడనే కాపురము పెట్టుచున్నారు. ఇల్లు మారునపుడు మొట్టమొదట బరువగునది పనిముట్ల పెట్టె. గుజరీ అంగడివారు దానిని ఇనుము తూకమున కొందురు. వారిని తప్పు పట్టరాదు. తక్కెడకు మంచి ఉక్కును, పాత రేకుడబ్బాయును ఒక్కటియే. ఆ రెంటికి భేదము తెలియవలసినవారు అమ్మువారు.

నా మనవి ఒక్కటే. అమ్మదలచినచో అమ్ముడు. కాని అమ్మక ముందు ఆ రంపమునకు ఒకసారి పదును పెట్టి, ఒక కొయ్యను కోసి చూడుడు. అటుపిమ్మట కూడ దానిని తూకమునకు వేయవలెనని మీకు తోచినచో నేను అడ్డము రాను.

దీనికి కారణము చెప్పెదను. నేడు అంగళ్ళలో దొరకు చేతిరంపములలో పెక్కింటి పళ్ళ మొనలను మాత్రము విద్యుత్తుతో క్షణకాలము కాచి, మిక్కిలి కఠినముగా చేయుదురు. ఆ మొనలు నల్లగానో నీలముగానో కనబడును. అవి చాల కాలము పదునుగా ఉండును, అది నిజము. కాని ఒకసారి మొద్దుబారినచో వాటిపై ఆకురాయి ఎక్కదు, జారిపోవును. కనుక ఆ రంపమును పారవేయుట తప్ప వేరు గతి లేదు. పాత రంపపు ఉక్కు అట్టిది కాదు. అది కొయ్యను కోయుటకు చాలినంత కఠినము. ఆకురాయికి లొంగునంత మెత్తన. మొద్దుబారిన ప్రతిసారి దానికి క్రొత్త పళ్ళు పుట్టింపవచ్చును. తాత వాడిన రంపమును మనుమడు వాడుట సాధ్యమైనది ఈ గుణము వలననే. క్రొత్తది కొన్న నాటినుండి తరుగును; పాతది సంరక్షించినంత కాలము నిలుచును.

ఈ ఉక్కును గూర్చి రెండు మాటలు. మీ రంపపు రేకుపై షెఫీల్డు అను పేరో, కాస్ట్ స్టీల్ అను మాటలో కనబడినచో, అది ఇంగ్లండులో మూసయందు కరిగించిన ఉక్కు అని అర్థము. షెఫీల్డు ప్రాంతమున బెంజమిన్ హంట్స్‌మన్ అను గడియారముల పనివాడు 1740 ప్రాంతమున ఆ పద్ధతిని సాధించెను. అంతకు ఎన్నో శతాబ్దములకు ముందే దక్షిణ దేశమున మూసలలో ఉక్కు తీయుచుండిరి. తెలంగాణములోని కోనసముద్రము ఆ పనికి పేరుపొందిన గ్రామము. మైసూరు సీమలోను ఆ పని జరిగినది. 1795లో జార్జి పియర్సన్ అను శాస్త్రజ్ఞుడు ఆ ఉక్కును పరీక్షించి లండను రాయల్ సొసైటీకి నివేదించెను. పాశ్చాత్యులు దానికి వుట్జు అని పేరు పెట్టిరి. మన ఉక్కు అను మాటయే అట్లు మారినదని పండితులు తలచుచున్నారు. కనుక సీమ రంపమును చేతబట్టి ఇది పరాయి వస్తువని ముఖము త్రిప్పుకొననక్కరలేదు. మన రంపము కాదా యని గర్వపడనక్కరయు లేదు. ఉక్కు మంచిదైనచో అది పని చేయువానిది.

ఇక పనిలోనికి వత్తము.

మొదట ఏ రంపమును బాగుచేయవచ్చునో, దేనిని విడువవలెనో తెలిసికొనవలెను. రంపమును కంటి యెదుట ఎత్తిపట్టి, పళ్ళ వరుస వెంబడి బాణము గురిచూచినట్లు చూడుడు. రేకు అంతయు విల్లువలె ఒక ప్రక్కకు వంగియున్నచో భయము లేదు. ఎదురు దిక్కునకు మెల్లగా వంచి సరిచేయవచ్చును. ఒక్కచోట మాత్రము మడత పడినచో అది కష్టము. చదునైన దిమ్మెపై సుత్తితో సరిచేయు నేర్పు అందరకు రాదు. పళ్ళ వేళ్ళయొద్ద పగులున్నను, పళ్ళ అంచున తుప్పు గుంటలుగా లోనికి తినివేసినను ఆ రంపమును విడిచిపెట్టవలెను. ఒకటి రెండు పళ్ళు విరిగినంత మాత్రమున విడువనక్కరలేదు. విడిచినదానిని కూడ పారవేయవలదు. ఆ రేకును చదరముగా ముక్కలు చేసినచో కొయ్యను నునుపు చేయు గీకుడు రేకులగును.

రెండవది, పిడిని విప్పుట. పాత రంపముల పిడి ఇత్తడి మరలతో బిగింపబడి యుండును. కొన్నింటి మరచుట్టునకు నడుమ బొడుపుండి, రెండు ప్రక్కల గాడి యుండును. వాటికి మామూలు స్క్రూడ్రైవరు పట్టదు. బలవంతము చేసినచో ఇత్తడి చీలును. పాత స్క్రూడ్రైవరు ఒకదాని మొన నడుమ ఆకురాయితో గాడి తీసినచో సరియైన పనిముట్టగును. విప్పిన మరలను వచ్చిన వరుసలోనే ఒక అట్టముక్కపై గ్రుచ్చి ఉంచుడు. ఏ మర ఏ రంధ్రమునకు అలవాటుపడినదో ఆ రంధ్రముననే అది చక్కగా కూర్చుండును.

మూడవది తుప్పు. ఇచ్చటనే మన తొందర చెరుపు చేయును. తిరుగు సానరాతితోనో, యంత్రపు బిళ్ళతోనో తుప్పు రాల్చబోయినచో రేకు వేడెక్కును. ఉక్కుపై నీలివన్నె తేలినదనిన అది దాదాపు 300 డిగ్రీల వేడిని చూచినదని గుర్తు. ఆ వేడిని మించినచో రంపపు బిరుసుదనము పోవును. అది మరల రాదు. కనుక చేతితోనే చేయవలెను. రేకును చదునైన పలకపై పరచి, కిరసనాయిలు చల్లి, అది దొరకనిచో టర్పెంటైను చల్లి, పదునైన బ్లేడును దాదాపు పడుకోబెట్టి తుప్పును గీకవలెను. పిమ్మట ఎమరీ కాగితమును కొయ్యముక్కకు చుట్టి, పొడవు వెంబడి రుద్దవలెను. ఎండు తుప్పు పొడి ఊపిరిలోనికి పోరాదు. తడిగానే రుద్దుడు, ముక్కునకు గుడ్డ కట్టుకొనుడు. రుద్దుటకు ముందే ముద్ర ఎక్కడ కలదో వెదకుడు. రేకు నడుమ మసకగా చెక్కిన బొమ్మయో అక్షరములో ఉండును. ఆ చోట మెత్తని కాగితముతో, కొయ్యముక్క విడువకుండ, తేలికగా రుద్దినచో తుప్పు పోయి అక్షరములు నిలుచును.

తుప్పు గట్టిదైనచో నిమ్మ ఉప్పు కలిపిన నీటిలో కొన్ని గంటలు నానవేయవచ్చును. కాని రాత్రి వేసి మరునాటి సాయంకాలము వరకు మరచిపోరాదు. పులుపు తుప్పును తిన్న తరువాత ఉక్కును తినును. చెక్కిన ముద్రను కూడ అది చెరుపవచ్చును. తీసిన వెంటనే వంటసోడా నీటితో కడిగి, పొడిగుడ్డతో తుడిచి, ఎండలో ఆరబెట్టి నూనె రాయవలెను. ఇత్తడి మరలకు మన యిండ్లలో ఎల్లప్పుడు ఉండు చింతపండు చాలును; చెంబులు తోమినట్లే తోముడు.

నాలుగవది, అన్నింటికంటె ముఖ్యమైనది, పదును. ఇందులో నాలుగు మెట్లు కలవు. వీనిని దాటవేయువారు తరువాత రంపమును నిందింతురు. ఆడలేక మద్దెల ఓడన్నట్లుండును.

రంపమును పళ్ళు పైకి వచ్చునట్లు రెండు పలకల నడుమ నిలిపి, క్లాంపులతో బిగింపవలెను. పళ్ళు మాత్రము పలకల పైకి కొద్దిగా కనబడవలెను. ఎక్కువ పైకి వచ్చినచో రేకు అదరి కీచుమని అరచును, ఆకురాయి పాడగును. మొదటి మెట్టు, పళ్ళ యెత్తు సమము చేయుట. చదునైన ఆకురాయిని పళ్ళ తలలపై పొడవున నడుపవలెను. అన్ని పళ్ళ తలలమీదను చిన్న మెరుపు చుక్క కనబడువరకు నడుపుడు. అంతకు మించి వలదు. పొట్టి పంటికి మెరుపు రానిచో దానిని లెక్కింపక పొండు. నాలుగైదు మారులు పదును పెట్టుసరికి అదియు మిగిలిన వాటితో కలియును.

రెండవ మెట్టు, పంటి ఆకారమును సరిచేయుట. దీనికి మూడు మూలల ఆకురాయి కావలెను. దాని మూలలు 60 డిగ్రీలు. రంపపు పంటికిని పంటికిని నడుమ ఉండు సందును అదియే. ఆకురాయి ప్రక్క పంటి యెత్తునకు రెండు రెట్లకంటె కొంచెము ఎక్కువ ఉండవలెను. ఇచ్చట రంపపు జాతి తెలియవలెను. నార వెంబడి కోయు నిలువు కోత రంపపు పన్ను ఉలివంటిది. దాని ముఖము దాదాపు నిట్టనిలువుగా ఉండును. నారకు అడ్డముగా కోయు రంపపు పన్ను కత్తివంటిది. దాని ముఖము 15 డిగ్రీల మేర వెనుకకు వాలియుండును. నిలువు కోత రంపమునకు సాధారణముగా అంగుళమునకు ఐదారు మొనలు, అడ్డకోత రంపమునకు ఎనిమిది మొదలు పది మొనలు. మొనలను లెక్కించునపుడు అంగుళపు రెండు చివరలనున్న వాటిని కూడ లెక్కింతురు. కనుక ఎనిమిది మొనలన్నచో ఏడు పళ్ళే.

మూడవ మెట్టు, పళ్ళను ఒకటి కుడికి, ఒకటి ఎడమకు వంచుట. దీనికి పట్టకారువంటి సాధనము దొరకును. అంగళ్ళలో సా సెట్టు అని అడుగవలెను. పంటి పైభాగమును మాత్రమే వంచవలెను. వేరువరకు వంచినచో విరుగును. ఒకసారి కుడికి వంచిన పంటిని ఎడమకు తిప్పబోయినను విరుగును. ఇట్లు వంచుట వలన కోత రేకు మందముకంటె వెడల్పగును; రంపము కొయ్యలో బిగిసికొనక ఆడును. కాని ఎక్కువ వంచినచో కొయ్య వృథా, చేతికి శ్రమ, కోత వంకర. కోత వెడల్పు రేకు మందమునకు ఒకటిన్నర రెట్లు మించకుండుట మేలు. ఎండిన జిట్రేగికిని, టేకునకును తక్కువ చాలును. పచ్చి కొయ్యకు కొంచెము ఎక్కువ కావలెను.

నాల్గవ మెట్టు, మొన తీయుట. నిలువు కోత రంపమునకు ఆకురాయిని రేకునకు సూటి అడ్డముగా పట్టవలెను. అడ్డకోత రంపమునకు 20 డిగ్రీల మేర ప్రక్కకు త్రిప్పి పట్టవలెను. ఒక సందు విడిచి ఒక సందున చివరివరకు పోయి, రంపమును త్రిప్పి బిగించి, విడిచిన సందులను రాయవలెను. ఆకురాయి ముందునకు పోవునపుడే కోయును. వెనుకకు ఎత్తి తేవలెను. ప్రతి సందునను అన్నే రాపిడులు, లెక్క తప్పరాదు. మెరుపు చుక్క మాయమైన క్షణమున ఆపవలెను. ఈ పని వెలుతురునుబట్టి సాగును. కిటికీ ప్రక్క ఉదయపు ఎండలో కూర్చుండుట మంచిది. కండ్లు మందగించిన పెద్దలు మనుమలను ప్రక్కన కూర్చుండబెట్టుకొని చుక్కలు చూపుమని అడుగుడు. వారికి అది ఆట; మీకది సాయము.

పదును కుదిరినదా లేదా యని తెలిసికొనుటకు ఒక పాత పరీక్ష కలదు. అడ్డకోత రంపమున రెండు వరుసల మొనల నడుమ సన్నని లోయ యేర్పడును. ఆ లోయలో కుట్టుసూదిని ఉంచి రంపమును కొద్దిగా వాల్చినచో, సూది పడిపోక ఈ కొననుండి ఆ కొనకు జారిపోవలెను. ఎక్కడ ఆగినదో అక్కడ పన్ను తప్పినదన్నమాట. అటుపిమ్మట ఒక కొయ్యపై గీత గీసి కోయుడు. గీతను విడిచి రంపము ఒక ప్రక్కకే లాగుచున్నచో, ఆ ప్రక్క పళ్ళు ఎక్కువ వంగినవని తెలిసికొని, ఆ వైపున సానరాతిని ఒక్కసారి తేలికగా నడుపుడు.

ఐదవది పిడి. ఇంగ్లండు, అమెరికా దేశముల రంపములకు బీచ్, ఆపిల్ మొదలైన కొయ్యల పిడులుండును. కొమ్ము విరిగియున్నచో చదునుగా కోసి, మన వేగిస ముక్కనో, టేకు ముక్కనో వజ్రముతో అతికి, ఆకారము చెక్కవచ్చును. వన్నె కలియలేదని చింతింపవలదు. అతుకు దాచుట కాదు, పట్టు దొరకుట ముఖ్యము. పాత వార్నీషును గాజుపెంకుతో మెల్లగా గీకి, అవిసె నూనె పలుచగా రాసి తుడువవలెను. ఒక హెచ్చరిక: అవిసె నూనె పీల్చిన గుడ్డను ముద్దచేసి మూల పడవేయరాదు. అది తనంతట తానే వేడెక్కి అంటుకొనును. తీగపై పరచి ఆరబెట్టిన తరువాతనే పారవేయవలెను.

పిడి విషయమున నాకు ఒక పట్టుదల కలదు. దానిని మీరును పట్టవలెనని కోరుచున్నాను. వెనుకటి వడ్రంగులు తమ పేరునో, పొడి అక్షరములనో పిడిపై ముద్ర వేసికొనెడివారు. ఉమ్మడి పనిచోట ఒకరి రంపము ఒకరికి పోకుండుటకు అది గుర్తు. ఆ అక్షరములను గరుకు కాగితముతో చెరిపివేయవలదు. అట్లే ఏండ్ల తరబడి బొటనవ్రేలు ఒరసి యేర్పడిన నొక్కును పూడ్పవలదు. తండ్రిగారి ఫొటో అనేక యిండ్లలో ఒక్కటియైన లేదు. ఉన్నను అది స్టూడియోలో చొక్కా గుండీలు పెట్టుకొని తీయించుకొన్నది. ఆయన చేయి ఎట్లు పట్టెడిదో చెప్పునది ఆ నొక్కు ఒక్కటియే. మీ చేతిని అందులో పెట్టి చూడుడు. రంపమును క్రొత్తదానివలె చేయుట మన పని కాదు. పని చేయునట్లు చేయుట మన పని.

విద్యుత్ రంపము వచ్చిన తరువాత ఈ శ్రమ యేల యని కొందరడుగుదురు. న్యాయమైన ప్రశ్న. రోజుకు నూరు పలకలు కోయువారికి యంత్రమే కావలెను. వారికి నేను చేతిరంపము చెప్పను. మనకు కావలసినది అది కాదు. వానలకు ఉబ్బిన తలుపును అంగుళములో నాల్గవవంతు తగ్గించుట, విరిగిన మంచపు కోటికి బదులు వేయుట, పిల్లవాని పుస్తకములకు ఒక పలక బిగించుట, ఇట్టి పనులకు పదునైన చేతిరంపము పది నిమిషములలో సరిపోవును. కరెంటు అక్కరలేదు, పొరుగువారికి రొద లేదు.

పదును విలువ మన పూర్వులకు లెక్కలతోసహా తెలియును. భాస్కరాచార్యుడు 1150లో రచించిన లీలావతియందు క్రకచవ్యవహారమని కోతలెక్కలకే ఒక ప్రకరణము కలదు. దుంగ మొదటి మందమును కొన మందమును కూడి, సగము చేసి, పొడవుతోను కోతల సంఖ్యతోను గుణింపవలెను. అంగుళములలో వచ్చిన ఆ ఫలమును 576 చేత భాగించినచో హస్తముల లెక్క తేలును. హస్తమునకు 24 అంగుళములు గనుక, 24ను 24 చేత గుణింపగా 576. కొయ్య మెత్తదనమును కఠినత్వమును బట్టి, పనివారితో ఒడంబడిక మేరకు వెల యుండవలెనని కూడ ఆయన చెప్పెను. కోతకు కూలి కట్టునపుడు మొద్దు రంపము పట్టినవానికి శ్రమ రెట్టింపు, ఫలము సగము. కనుక పదును పెట్టు గంటయు పని గంటయే. దానిని సోమరితనమని యెంచరాదు.

మరియొక లాభము కలదు. దానిని మన సంఘమువారికి ప్రత్యేకముగా మనవి చేయుదును. పిడి, రేకు, మొన, నార, కోడు, ఉలి, బాడిస, చిత్రిక, ఆకురాయి. ఈ మాటలలో ఎన్ని మన పిల్లలకు తెలియునో ఇంటికి పోయి అడుగుడు. వీనిని జాబితా వ్రాసి కంఠస్థము చేయించినచో వారము దినములలో మరతురు. చేతిలో పనిముట్టుండగా విన్న మాటను మరువరు. గరగస అనినను, రంపమనినను, వారు ముందు దానిని చేతపట్టవలెను. అప్పుడు రెండు మాటలును నిలుచును. పనిముట్టు ఇల్లు దాటిపోయిన నాడు దాని చుట్టునున్న మాటలును ఇల్లు దాటిపోవును. వాటిని ఏ గుజరీ అంగడిలోను తిరిగి కొనలేము.

ఇంతయు విని, ఇది మగవారి పనియని అక్కచెల్లెండ్రు అనుకొనవలదు. పదును పెట్టుటకు బలము కంటె ఓర్పును, లెక్కయు, నిలుకడయైన చేయియు కావలెను. ముగ్గులో చుక్కలు తప్పక పెట్టువారికి పంటి సందులు తప్పవు.

ఖర్చు కూడ పెద్దది కాదు. కొనవలసినవి మూడు మూలల ఆకురాళ్ళు, ఒక చదును ఆకురాయి, సెట్టు, ఎమరీ కాగితము. మిగిలినవి ఇంటనే యుండును. మొదటి రంపమునకు రెండు ఆదివారములు పట్టవచ్చును. చిన్న పళ్ళ రంపముతో ఆరంభింపవలదు. పెద్ద పళ్ళ నిలువు కోత రంపమును తీసికొనుడు. దాని పళ్ళు కంటికి బాగుగ కనబడును, ఆకురాయిని సూటిగా పట్టిన చాలును. చేయి కుదిరిన తరువాత అడ్డకోత రంపమునకు పొండు.

చివరకు ఒక మాట. ఆయుధపూజనాడు మనము పనిముట్లను కడిగి, పసుపు కుంకుమలు పెట్టి, పూలు ఉంచి మ్రొక్కుదుము. మంచి ఆచారము. కాని తడి కుంకుమ క్రిందనే తుప్పు మొదలగును. మరునాడు ఉదయమే పొడిగుడ్డతో తుడిచి, కుట్టుమిషను నూనె రెండు చుక్కలు రాసి, కాగితములో చుట్టి, గోడకు తగులకుండ వ్రేలాడదీయుడు. వంటనూనె రాయవలదు, అది జిగురై దుమ్మును పట్టును. ఈ సంవత్సరము పూజకు ముందే అటక దించి చూడుడు. మొద్దు రంపమునకు మ్రొక్కుటకంటె పదును పెట్టి మ్రొక్కుట ఆ పనిముట్టునకును, దానిని మనకు ఇచ్చిపోయినవారికిని తగిన గౌరవము.